అర్థము నేర్చుట

ఇంగ్లీషు మాటలకు అర్థములు వల్లించుట నేడు మన ఇండ్లలో నిత్యకృత్యమైనది. దినమునకు పది మాటలు, ఏడాదికి మూడువేల ఆరువందల పైచిలుకు. ఈ లెక్క చూచి తల్లిదండ్రులు సంతోషింతురు. సంతోషింపవలసినదే. కాని గింజలు గాదెలో పోయుటకేనా, విత్తుటకు గూడనా యని విచారింపవలసి యున్నది.

అనంతపురమున మా బంధువులయింట జరిగిన సంగతి చెప్పెదను. వారి చిన్నపిల్ల పుస్తకము ముందిడికొని, "డ్రౌట్ అంటే కరువు, ఫేమిన్ అంటే కరువు" అని వల్లించుచుండెను. గోడకు చేరగిలి వినుచున్న అవ్వ, "రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకే?" అని యడిగినది. పిల్ల యూరకుండెను. నాకును వెంటనే బదులు తోచలేదు.

నిఘంటువు తెరచి చూచితిమి. మొదటిది వాన లేమి. రెండవది జనులకు తిండి లేమి. ఒకటి ఆకాశమునకు సంబంధించినది, మరియొకటి అన్నమునకు. అనావృష్టి, క్షామము అని మన గ్రంథములందును ఈ భేదము గలదు. వ్యవహారమున మాత్రము రెంటిని కరువే యనుచున్నాము. ఈ సీమలో మొదటిదాని వెంట రెండవది వచ్చుట అలవాటైనందున గాబోలు, నాలుక వానిని వేరుచేయుట మానుకొన్నది.

వేరుచేయకున్న నష్టమేమి? నష్టము గొప్పది. అనంతపురమున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించును; ఈశాన్యపు గాలులు ఇంతదూరము వచ్చునప్పటికి వానిలో తడి తగ్గిపోవును. ఇది ఎవ్వరి నేరమును గాదు. కాని 1876-78 నాటి ధాతకరువును తలంపుడు. వాన తప్పినమాట నిజమే. అయినను అప్పటికే గుత్తిమీదుగా రైలుదారి యున్నది. దేశమునుండి ధాన్యము విదేశములకు ఎగుమతి యగుచునే యున్నది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయముచే, కరువుపనులలో శ్రమించు మగవాని దినకూలి ఒక పౌను, అనగా అరకిలోకు లోపు, ధాన్యపు వెలకును కొద్ది పైకమునకును దిగినది. వాన కురిపించుట దొరతనము చేతిలో లేదు. కూలి తగ్గించుట వారి చేతిలోని పనియే.

రెంటికి నొకే పేరు పెట్టినవాడు రెంటిని విధికే అప్పగించును. భేదము తెలిసినవాడు, "వాన లేకపోయినది సరే, అన్న మెందుకు లేకపోయినది?" అని యడుగగలడు. న్యాయవిచారణ యంతయు ఆ ప్రశ్నతోనే మొదలగును.

కావున పిల్లలు ఇంగ్లీషు మాటలు నేర్వవలదని నా మతము గాదు. కొన్నియే నేర్చినను వాని హద్దులతో నేర్వవలెను. అర్థ మప్పగించిన పిల్లను మెచ్చుకొని యూరకుండక, దాని ప్రక్కమాటతో తేడా యేమి, మన యూరిలో దానికి గురుతేమి యని యడుగుడు.

ఆ రాత్రి అవ్వ మా మాటలన్నియు విని, "మేము చూసింది వానకరువు. మా పెద్దోళ్లు చూసింది కూటికరువు" అనినది. పిల్ల ఆ రెండు మాటలను తన పుస్తకములో, ఇంగ్లీషు మాటల కెదురుగా, వేరువేరు పంక్తులలో వ్రాసికొనెను.