వెళ్ళి వస్తాను



మన ఇళ్ళలో గడప దాటేవారు "వెళ్తాను" అనరు, "వెళ్ళి వస్తాను" అంటారు. ఎంత తొందరలో ఉన్నా ఆ రెండో మాట చేర్చనిదే పెద్దలు ఊరుకోరు. ఈ వారం ఆ మాటను గురించే మీతో కలసి ఆలోచించాలనుకొంటున్నాను. ఎందుకంటే, గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్న మన బిడ్డలు ఎందరికో ఆ మాట అనడానికి ఒక అనుమతి పత్రం కావాలి.

ఈ దృశ్యం మీలో చాలామందికి తెలిసినదే. రాజంపేట వైపు ఒక పల్లెలోనో, కోనసీమలోనో, కరీంనగర్ దగ్గర ఒక గ్రామంలోనో తండ్రి కన్నుమూస్తాడు. భౌతికకాయాన్ని ఐసు పెట్టెలో ఉంచుతారు. గురువులు సిద్ధం, సమాధి సిద్ధం. వచ్చినవారందరూ అడిగేది ఒక్కటే: "అబ్బాయి బయలుదేరాడా?" అబ్బాయికి టిక్కెట్టు డబ్బులు దొరికాయి. దొరకనిది యజమాని సంతకం. లేదా, "ఇప్పుడు వెళ్తే మళ్ళీ రానక్కరలేదు" అన్నాడు ఆ యజమాని. పెళ్ళి కావలసిన చెల్లెలు, తీరని అప్పు గుర్తుకొచ్చి ఆ బిడ్డ ఆగిపోతాడు. తండ్రి ముఖాన్ని ఫోనులో చూసి ఏడుస్తాడు.

ఈ పద్ధతిని కొంచెం తెలుసుకొందాం. సౌదీ అరేబియాలో పనిచేసే విదేశీయుడు ఇంటికి వెళ్ళి తిరిగి అదే పనిలో చేరాలంటే 'ఎగ్జిట్ రీఎంట్రీ వీసా' ఉండాలి. దానికి రుసుము ఉంది, గడువు ఉంది. 2021 మార్చి 14 వరకు దానికి యజమాని సమ్మతి తప్పనిసరి. ఆ రోజు నుండి కార్మిక చట్టం కిందికి వచ్చేవారు తామే దరఖాస్తు చేసుకొనే వీలు కలిగింది. ఇళ్ళలో పనిచేసేవారికి మాత్రం ఆ మార్పు వర్తించలేదు. కతార్ దేశం 2018లో చాలామంది కార్మికులకు, 2020లో ఇంటి పనివారికి కూడా, దేశం విడిచే ముందు తీసుకోవలసిన అనుమతిని తొలగించింది. కువైట్ ఇందుకు ఎదురు దిశలో నడిచింది. 2025 జులై 1 నుండి అక్కడి ప్రైవేటు రంగంలోని విదేశీ ఉద్యోగి ప్రయాణానికి ముందు యజమాని ఆమోదించిన అనుమతి పొందాలి.

1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం ప్రకారం ఏ దేశాన్నయినా విడిచి వెళ్ళే హక్కు, స్వదేశానికి తిరిగి వచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉన్నాయి. పునీత రెండవ జాన్ పౌలు పోపుగారు శ్రమను గురించి 1981లో రాసిన విశ్వలేఖలో కూడా, పనికోసం దేశం విడిచే హక్కుతో పాటు తిరిగి వచ్చే హక్కునూ గుర్తించారు. కాని వెళ్ళినవాడు తన పనికి తిరిగి చేరగలడా? అది మాత్రం ఆ దేశపు దయమీద, తరచుగా ఒక మనిషి దయమీద నిలిచి ఉంది. తల్లిదండ్రులను గౌరవించమన్న నాలుగవ ఆజ్ఞను పాటించడానికి బ్రతుకుతెరువునే మూల్యంగా చెల్లించాలంటే, ఆ హక్కు కాగితం మీద ఉన్నా చేతికి అందినట్లు కాదు.

పవిత్ర గ్రంథంలో ఇలాంటి అనుమతి అడిగినవాడు ఒకడున్నాడు. ఆదికాండము చివరి అధ్యాయం తెరచి చూడండి. యాకోబు ఐగుప్తులో మరణించాడు. తండ్రిని కనాను దేశంలో సమాధి చేస్తానని యోసేపు ప్రమాణం చేసి ఉన్నాడు. ఐగుప్తు దేశమంతటినీ ఏలే అధికారి అయికూడా ఫరోకు కబురు పంపి అనుమతి కోరవలసి వచ్చింది. తండ్రిని పాతిపెట్టి తిరిగి వస్తానన్నాడు. ఫరో వెళ్ళమన్నాడు. వెళ్ళాడు, మాట ప్రకారం తిరిగి వచ్చాడు.

ఎంత మంచి రాజు అనుకొంటాం. కాని ఒక్క పుట తిప్పండి. నిర్గమకాండము ఆరంభంలోనే యోసేపును ఎరుగని కొత్త రాజు వస్తాడు. ఆనాడు సెలవు పొందినవారి సంతతి ఇప్పుడు వెట్టిచాకిరి చేస్తుంది, కదలడానికి వీలులేదు. ఒక మనిషి మంచితనం మీద నిలిచిన స్వేచ్ఛ, ఆ మనిషి మారగానే పోతుంది. అందుకే దయ ఉన్నా న్యాయం అవసరం. దయగల యజమానులు గల్ఫ్‌లోనూ ఉన్నారు. టిక్కెట్టు కొనిచ్చి విమానాశ్రయంలో దింపివచ్చేవారున్నారు. కాని దయలేని యజమాని దగ్గర చిక్కినవాడి తండ్రి కూడా తండ్రే కదా!

"వీసాకు, ప్రయాణానికి ఖర్చు పెట్టినవాడు, పనివాడు తిరిగిరాకపోతే నష్టపోడా?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. తన సరిహద్దుల్లోకి ఎవరు వస్తున్నారో, ఎవరు వెళ్తున్నారో తెలుసుకొనే హక్కు ప్రతి దేశానికీ ఉంది. నష్టపోయిన యజమానికి ఒప్పందం ఉంది, న్యాయస్థానం ఉంది. బాకీని లెక్క కట్టి వసూలు చేసుకోవచ్చు. మనిషినే తాకట్టుగా ఉంచుకోరాదు. తలుపుకు కాపలా కాయడం ప్రభుత్వం పని. ఆ తాళంచెవిని, పనివాడి శ్రమవల్ల లాభం పొందేవాని చేతికి ఇవ్వడమే అన్యాయం.

ఇంతవరకు దూరదేశపు మాట చెప్పుకొన్నాం. ఇప్పుడు మన గడప లోపలికి చూద్దాం. పండుగకు ఊరెళ్ళే పనిమనిషి జీతంలో సగం ఆపి, "తిరిగొచ్చాక ఇస్తాలే" అన్నవారు మనలో లేరా? అడ్వాన్సు తీసుకొని ఒడిశా నుండి మన ఇటుక బట్టీలకు వచ్చిన కూలీ, ఊరిలో తల్లికి జబ్బు చేసిందంటే ఎవరిని అడగాలి? మనం పట్టుకొన్నది పాస్‌పోర్టు కాకపోవచ్చు. అయినా ఆ చిన్న ఫరో మనలోనూ కూర్చొని ఉన్నాడు. కువైట్ యజమానిని నిందించే నోటితో ముందు మన పనిమనిషి లెక్క సరిచేద్దాం.

గడప దగ్గర "వెళ్ళి వస్తాను" అన్న బిడ్డకు మన పెద్దలు "వెళ్ళి రా నాయనా" అని బదులిస్తారు. ఆ దీవెనలో షరతు ఉండదు, గడువు ఉండదు. మన దగ్గర పనిచేసేవారు సెలవు అడిగినప్పుడు కూడా అదే మాట, అదే మనసుతో చెప్పగలమా? ఈ వారం ప్రార్థనలో ఎవరికి వారు జవాబు చెప్పుకొందాం.