నీడ ఎవరిది?

ఎండ అందరిమీదను ఒకే తీరున కాయును. నీడ అట్లు కాదు. పట్టణములలో దానిని పంచినవాడు మనుష్యుడే. ఆ పంపకములో అన్యాయము జరిగినయెడల, దానికి ఎవరు ఉత్తరవాదులు?

అమెరికా దేశపు సంగతి ఒకటి చూతము. 1933లో అక్కడి ప్రభుత్వము గృహఋణముల కొరకు ఒక సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ నగరములకు పటములు గీయించి, నల్లజాతివారు కాపురమున్న పేటలకు ఎర్రరంగు వేయించెను. అక్కడ అప్పిచ్చుట అపాయమని ఆ రంగునకు అర్థము. అట్టి పేటలవారికి ఇల్లు కట్టుకొనుటకు అప్పు పుట్టుట దుర్లభమాయెను. అక్కడ చెట్లు తగ్గి, రాతికట్టడములును పెద్ద రోడ్లును పెరిగెను. 1968లో చట్టము ఇట్టి వివక్షను నిషేధించినది. అయినను 2020లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో 108 నగరములను పరీక్షింపగా, ఆ పాత ఎర్రపేటల నేల తక్కిన పేటలకంటె సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ అధికముగా వేడెక్కుచున్నదని తేలినది.

ఇది లెక్కల మాట మాత్రమే కాదు. 1995 జూలైలో షికాగో నగరమున ఎండలు ముదిరి 700 మందికి పైగా చనిపోయిరి. వారిలో ఒంటరిగానున్న పేద వృద్ధులు అనేకులు; తెల్లవారికంటె నల్లవారికే ఆ కీడు హెచ్చుగా తగిలెను. భూమి వేడెక్కుచున్న ఈ దినములలో అట్టి ఎండలు మరింత తరచుగా వచ్చుచున్నవి.

పటము గీసినవారు గతించిరి. చల్లని వీధులలో నేడు నివసించువారు, “మేమేమి చేసితిమి?” అని అడుగుదురు. వారు నిజముగా ఏమియు చేయకపోయి యుండవచ్చును. అయితే లూకా సువార్తలోని ధనవంతుడు మాత్రము లాజరును కొట్టెనా? వాని సొత్తు దోచుకొనెనా? వాకిట పడియున్నవానిని దాటి, దినదినము భోజనమునకు కూర్చుండెను, అంతే. తండ్రి పొలము తీసికొన్న కుమారుడు తండ్రి అప్పును కూడ తీర్చవలెనని మన రైతులెరుగుదురు. తాతలనాటి అన్యాయమువలన కలిగిన నీడను అనుభవించువానికిని ఆ ఋణము తప్పదు.

సహోదరులారా, ఊరికి వెలుపల పల్లెలను పెట్టించిన చేతులెట్టివో మనలో అనేకులకు ఒకరు చెప్పనక్కరలేదు. కూలికి పట్టణము వెళ్లి రేకులకప్పు క్రింద వేసవి గడుపు బిడ్డలును మనవారే. గనుక ఈ వానకాలమున మన సంఘము మొక్కలు నాటునప్పుడు, మందిరపు ఆవరణముతో ఆగక, నీడలేని వీధి ఏదో విచారించి అక్కడనే మొదలుపెట్టుదుము గాక.