పెరటి మడిలో కర్మఫల విచారము

కర్మ చేయుట మానవుని వంతు, ఫలమిచ్చుట భగవంతుని వంతు అని పెద్దలు చెప్పుదురు. వినుటకు ఇది సులభముగనే యున్నది. కాని చేసిన పని చెడినప్పుడు, ఆ చెడుటలో దైవము పాలెంత, తన పాలెంత, ఇతరుల పాలెంత అని విడదీసి చూచుట సులభము కాదు. ఈ వివేకము లేనివాడు తన అజాగ్రత్తకు దైవమును నిందించును. లేదా పరులు చేసిన అన్యాయమును తన ప్రారబ్ధమని తలచి యూరకుండును. రెండును దోషములే. ఈ విషయమును విచారించుటకు గొప్ప రాజ్యముల కథలు అక్కరలేదు. వేసవిలో ఇంటి పెరటిలో వేసిన కూరగాయల మడి చాలును.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో కర్మాగారముల పనినుండి విశ్రాంతి పొందిన గృహస్థులు పలువురు ఇంటి వెనుక రెండు మూడు గజముల నేలను త్రవ్వి, ఫాల్గుణమున విత్తనములు వేయుదురు. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, పందిరిపై సొర, బీర. ఉగాది నాటికి మడి పచ్చగా కన్నులపండువు చేయును. ఇంటి ఇల్లాలు తొలికోత కూరను దేవునికి నివేదించి, ఇరుగుపొరుగులకు పంచి సంతసించును. వైశాఖము వచ్చుసరికి కథ మారును. టమాటా పూత రాలును. బెండ ఆకుల ఈనెలు పసుపుబారును. సొరపాదు పిందె పట్టదు. ఒక సాయంకాలము వడగండ్లు పడి పందిరియే కూలును. అప్పుడు ఆ గృహస్థుని నోట వచ్చు మాట ఒక్కటే: "అంతా దైవేచ్ఛ."

నిజముగా అంతయు దైవేచ్ఛయేనా? భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మసిద్ధికి ఐదు కారణములు చెప్పబడినవి. అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. అధిష్ఠానమన శరీరమని భాష్యకారుల మాట. దానిని పెరటికి అన్వయించినచో అది నేల. కర్త సాగుచేయువాడు. కరణములు నీరు, విత్తనము, పార. చేష్టలు త్రవ్వుట, తడుపుట, కలుపు తీయుట. దైవమనగా ఇంద్రియములను అనుగ్రహించు ఆదిత్యాది దేవతలని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించిరి. ఆ ఆదిత్యుడే వైశాఖమున మడిపై నిప్పులు చెరుగుచున్నాడు. ఇచట గమనింపదగినదేమన, దైవము ఐదవది. మొదటి నాలుగింటిని విచారింపక ఐదవదానిపై భారము వేయుట శాస్త్రసమ్మతము కాదు. అట్లే ఐదు కారణములుండగా తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని పరమాత్మ అచటనే హెచ్చరించెను. కాయ కాచినప్పుడు "నా చేతి చలువ" అనువానికిని, ఎండినప్పుడు "దైవము చేసినది" అనువానికిని భేదము లేదు. ఇద్దరును లెక్క తప్పినవారే.

మొదట దైవము పాలు చూడవలెను. పగటివేడి 35 డిగ్రీలు మించి, రాత్రులు కూడ చల్లబడనిచో టమాటా పుప్పొడి శక్తి సన్నగిల్లి పూత రాలిపోవును. మే మాసమున 40 డిగ్రీలు దాటు దినములు ఆ ప్రాంతమున అరుదు కావు. వడగండ్లను ఆపువాడు లేడు. ఇట్టివానికి శోకింపరాదు. సహనమే ధర్మము. పాతచీరను నీడగా కట్టుట, మొదళ్ళలో ఎండుటాకులు పరచుట మానవుడు చేయగల సేవ, మిగిలినది ఈశ్వరార్పణము.

పిమ్మట తన పాలు. సొర, బీర పాదులకు తొలుత వచ్చునవి చాలవరకు పోతుపూవులు. అవి రాలుట ప్రకృతి ధర్మము. దానిని నష్టమని యేడ్చుట అజ్ఞానము. సొరపూవు సంధ్యవేళ విచ్చును. ఆ వేళ పురుగు వ్రాలనిచో పిందె నిలువదు. పోతుపూవును కోసి, క్రింద చిన్న పిందెయున్న ఆడపూవునకు మెల్లగా తాకించిన చాలును, కాయ నిలుచును. బెండకు పల్లాకు తెగులు తెచ్చునది తెల్లదోమ. తెగులు పట్టిన మొక్కను మొదటి దినముననే పెరికివేసినచో తక్కినవి బ్రతుకును. ఒక్క మొక్కపై మమకారముతో ఉంచినవాడు మడినంతయు పోగొట్టుకొనును. ఇందు దైవమునకు సంబంధము లేదు. తెలిసికొని దిద్దుకొనుటయే ధర్మము.

మహాభారతమున ఆనుశాసనిక పర్వములో ధర్మరాజు, దైవము గొప్పదా పురుషకారము గొప్పదా యని భీష్ముని అడుగగా, పితామహుడు బ్రహ్మ వసిష్ఠుల సంవాదమును వినిపించెను. అందు పురుషకారము పొలముగను, దైవము విత్తనముగను చెప్పబడినది. రెండును కలిసిననే పంట. కాని పొలమును మరియొకడు విషమయము చేసినచో? ఈ మూడవ పాలును గూర్చి ఆ ప్రాంతమువారు విచారింపక తప్పదు.

పటాన్‌చెరులో 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ నెలకొన్నది. తక్కువ నీటితో జొన్న, సజ్జ, శనగ, కంది యెట్లు పండింపవచ్చునని అచట పరిశోధనలు సాగినవి. ఆ దశకముననే సమీపమున పారిశ్రామికవాడ పెరిగినది. వేలాది కుటుంబములకు అన్నము పెట్టిన మాట సత్యము. కాని వ్యర్థజలములు నక్కవాగులో కలిసి, ఆ వాగు మంజీరలో కలియుటచే వాగువెంటనున్న పల్లెల బావులు, పొలములు చెడినవి. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరినది. నష్టపోయిన రైతులకు పరిహారమిమ్మని ఆదేశములు వెలువడినవి. పిదప అది హైకోర్టునకును, జాతీయ హరిత న్యాయస్థానమునకును పోయి రెండు దశాబ్దములకు పైగా సాగినది. 2007లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, అచటి ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి విడుదలయిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెనని తేలినది. చికిత్స పొందు రోగి రక్తములో ఉండు ప్రమాణమును మించిన మోతాదది.

"బాధపడినవాని ప్రారబ్ధము అట్లున్నది, ఎవరేమి చేయగలరు?" అని కొందరు ఆక్షేపింపవచ్చును. ప్రారబ్ధము అనుభవించువాని విషయమైన మాట. చేసినవానికి అది రక్షకవచము కాదు. దొంగిలింపబడినవాని ప్రారబ్ధము దొంగను నిర్దోషిని చేయదు. కావున తన దుఃఖమును ఓర్చుకొనుట ఒక ధర్మము. పొరుగువాని బావి చెడినప్పుడు నోరు విప్పుట మరియొక ధర్మము. మొదటిదాని పేరుతో రెండవదానిని విడుచుట వైరాగ్యము కాదు, అలసత్వము.

ఐనను పరుల తప్పును వేలెత్తి చూపువాడు తన మడిని కూడ చూచుకొనవలెను. నాలుగు బెండకాయలకై, కోతకు ముందునాడు ఘాటైన పురుగుమందు చల్లి, ఆ కూరనే పొరుగింటి పసివానికి పంపినవాడు చేసినది చిన్న కొలతలో అదే పాపము కాదా? వేపగింజల కషాయముతో సరిపెట్టుకొనవచ్చును. కొంత పంట పోయినను ధర్మము నిలుచును. బోరు నీటిపై సందేహమున్న ఇంటివారు ఆ నీటిని పరీక్షింపించవలెను. ఫలితము తెలియువరకు ఆ నీటితో పెరిగిన కూరను దేవునికి నివేదింపకుండుటయు, ఇతరులకు పంచకుండుటయు మేలు. తాను నమ్మి తినలేనిదానిని భగవంతునికి పెట్టుట భక్తి యెట్లగును? అట్టి మడిలో పూలు వేసికొన్నను స్వామికి ప్రీతియే.

గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. ఉడుత కొరికిన దోసకాయ, పిట్ట పొడిచిన టమాటా ఆ యజ్ఞమునకు ముట్టిన భాగమని తలచినచో మనస్సునకు శాంతి కలుగును. దైవము తీసికొన్నదానికి ఓర్పు, తన తప్పునకు దిద్దుబాటు, పరులకు జరిగిన కీడునకు ధర్మాగ్రహము: ఈ మూడింటిని ఎచటిదచట ఉంచువాడే కర్మయోగి. తొలకరి రాగానే అతడు ఎండిన పాదులను తీసివేసి, నేలను త్రవ్వి, భగవన్నామము స్మరించుచు మరల విత్తును.