నాలుగింట ఒకటి

అరకులోయ, పాడేరు కొండలలో కొన్ని ఇండ్లయందు సికిల్ సెల్ అను రక్తవ్యాధి కలదని మీరెరుగుదురు. ఎఱ్ఱ రక్తకణము కొడవలివలె వంగి సన్నని నాళములలో చిక్కుకొనగా, బిడ్డ ఎముకల నొప్పితో తల్లడిల్లును. 2023 జూలై 1న దీని నిర్మూలనకై దేశవ్యాప్త కార్యక్రమము ఆరంభమైనది. అప్పటినుండి గిరిజన గ్రామములలో రక్తపరీక్షలు విరివిగా జరుగుచున్నవి.

తమకు జబ్బు లేకయే ఆ లక్షణమును రక్తములో మోయువారు కలరు. తలిదండ్రులిద్దరును అట్టివారైనయెడల, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక అవకాశము కలదు. ఈ చిన్న మాటకు మనము చెప్పుకొను అర్థములు ఎన్ని! "పెద్దవానికి వచ్చినది, ఇక ముగ్గురికి రాదు" అని ఒకరు ధైర్యపడుదురు. "ముగ్గురు బాగున్నారు, నాలుగవ బిడ్డకు తప్పదు" అని మరియొకరు గర్భములోని శిశువునుగూర్చి ముందుగనే ఏడ్చుదురు. రెండును పొరపాటే.

ఒక బుట్టలో మూడు తెల్ల చిక్కుడుగింజలు, ఒక నల్లగింజ వేయుడి. కన్నులు మూసికొని ఒకటి తీసి, చూచి, మరల బుట్టలోనే వేసి కలుపుడి. ముందు ఏ గింజ వచ్చెనో బుట్టకు జ్ఞాపకముండునా? ప్రతి గర్భమును అట్టిదే. నలుగురేసి బిడ్డలుగల అట్టి ఇండ్లు 256 ఉన్నచో, లెక్క ప్రకారము సుమారు 81 ఇండ్లలో ఒక్కరికిని వ్యాధి రాదు. ఒక ఇంట నలుగురికిని వచ్చును.

లెక్క తప్పుటకంటె నన్ను ఎక్కువ బాధించునది నింద. ఇద్దరు బిడ్డలు జబ్బుపడిన తల్లిని "ఏమి పాపము చేసెనో" అందురు. సంఘములోనివారును అందురు సుమా! పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులడిగిన ప్రశ్న అదియే గదా. ప్రభువు దానిని ఒప్పుకొనలేదు. ఆ లక్షణము తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చినది. పైగా ఆ సగము మాత్రమే గలవారిని తీవ్రమైన మలేరియానుండి అది చాలవరకు కాపాడును. మన్యపు దోమల నడుమ మన పితరులలో కొందరు దానివలననే బ్రదికి యుందురు.

ఇద్దరిలో ఒకరు మాత్రమే మోయువారై, రెండవవారి రక్తము ఆరోగ్యముగా నున్నచో, బిడ్డలకు ఈ వ్యాధి రాదు. గనుక పెండ్లిమాటలకు ముందే ఇరువురికిని పరీక్ష చేయింపుడి. ఇదివరకే వివాహమైనవారి సంగతి కష్టమైనది. నాలుగింట మూడు మేలని ఒకరికి తోచును, ఒక కీడే చాలునని మరియొకరికి తోచును. ఆ తీర్మానము ఆలుమగలది, అత్తగారిదికాదు, ఊరిదికాదు. బిడ్డ పుట్టినచో, నొప్పులు వచ్చువరకు కనిపెట్టక, తొలిదినములలోనే రక్తము చూపింపుడి; వ్యాధి కలదని తేలినచో టీకాలును మందులును వేళకు ఆరంభింపవచ్చును.