తెర మీద తొలి ఘడియలు

సినిమా హాల్లో దీపాలు ఆరగానే విజిళ్లు, చింపిన కాగితాల వాన. తెర ముందు ఎవరో కర్పూరం వెలిగిస్తారు. ఇది భక్తి అనాలా, వినోదం అనాలా?

జవాబు కోసం పాత నాటకరంగం వైపు చూద్దాం. నాట్యశాస్త్రం చెప్పే కథలో తొలి ప్రదర్శనను విఘ్నాలనే దుష్టశక్తులు చెడగొడితే ఇంద్రుడు జర్జరమనే ధ్వజదండంతో వాటిని చితక్కొట్టాడు. దాదాపు వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో తత్వవేత్త అభినవగుప్తుడు విఘ్నాలను ప్రేక్షకుడి మనసులోనే చూశాడు. ఎంత సూక్ష్మమైన చూపు! అప్పుల బాధ, ఆఫీసు గొడవ, ఇంట్లో పెళ్లి సందడి, ఏదైనా సరే, సొంత సుఖదుఃఖాల్లో మునిగినవాడికి రసం అందదు. పాట, వాద్యం, నృత్యం అతణ్ని అందులోంచి బయటికి లాగాలి.

ప్రేక్షకుడు ఆరంభాన్ని అడిగేదీ ఇదే. హీరో ప్రవేశం అందుకొక సాధనం, అంతే.

2017 నాటి ‘బాహుబలి 2’లో రాజమాత శివగామి నెత్తిన అగ్నితో నడుస్తుంటే మదపుటేనుగు దూసుకొస్తుంది. బాహుబలి రథంతో అడ్డుపడి దాన్ని శాంతింపజేస్తాడు. విఘ్నం తొలగడమే అక్కడ నాయకుడి పరిచయం.