కనరాని పొగ

పుష్యమాసమున ఉత్తరపుగాలి తిరిగినంతనే రాయపూరు నగరమున, శంకర్ నగర్ వంటి సంపన్నుల పేటలో సైతము, మూడు విధములైన వెచ్చదనములు ఒకే గోడ కిరుప్రక్కల కానవచ్చును: మేడలోనివారు మీట నొక్కి హీటరు వెలిగించుకొందురు, పల్లెనుండి వచ్చిన ముదుసలి యున్న యింట, ఛత్తీస్‌గఢీయులు గోర్సీ యని పిలుచు మట్టికుంపటి మంచముకడ చేరును, గేటుకడ కావలివాడు విరిగిన పెట్టెచెక్కలను ప్రోగుచేసి చలిమంట వేసికొనును. ఈ మూడింట ఏ యగ్ని నిర్దోషమన్నది నా సందేహము.

1931లో పూర్తియైన విజయనగరము-రాయపూరు రైలుమార్గము వెంబడి వచ్చి యిచట స్థిరపడిన తెలుగువారికి గోర్సీ క్రొత్తవస్తువు కాదు. బాలింత మంచముక్రింద నుంచి సాంబ్రాణి వేయు మన కుంపటియే యది. అడుగున పాతబూడిద పఱచి, ఛేనా యనబడు పిడకలను విఱిచి నిలువుగా పేర్చి, పొయ్యిలోని నిప్పుకణికె నొకదానిని నడుమ నుంచి, పొగ యంతయు వెడలువఱకు వాకిట నుంచి, కణకణలాడిన పిమ్మటనే లోనికి తెత్తురు. పైన నివురు కప్పినచో తెల్లవాఱువఱకు వేడి నిలుచును.

గృహస్థునకు తప్పని హింసాస్థానము లైదింటిని మనుస్మృతి లెక్కించుచు, పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీటికుండ యని పేర్కొని, అందు పొయ్యినే మొదట నిలిపినది. వివాహవేళ రగిల్చిన ఔపాసనాగ్నిని ఆజీవనము కాపాడుకొనవలెనన్న సంప్రదాయమే, నిప్పు ముట్టించుట హింస యనియు నొప్పుకొనుట నాకు మిక్కిలి నచ్చిన విషయము. కట్టెలోని పురుగు కాలును, చీమ కమలును. అంతమాత్రమున పొయ్యి నార్పుమని స్మృతి చెప్పలేదు, పంచమహాయజ్ఞములచే అనుదినము ఋణము తీర్చుకొమ్మన్నది. నిర్దోషత్వమును ఆశపెట్టక చెల్లింపును మాత్రమే విధించిన యీ లెక్క, పరిశుద్ధుల మనుకొనువారి ధర్మముకంటె నిజాయితీ గలది.

సర్వకర్మలను, అగ్నిని పొగవలె, దోషము క్రమ్మియుండునని గీత పదునెనిమిదవ యధ్యాయము చెప్పుచున్నది గదా; పొగ పోయినచో దోషమును పోయినట్లేనా? కుంపటి యీ ప్రశ్నకు కఠినమైన యుత్తరమే చెప్పును. పొగలేని నిప్పులనుండియే వాసనయు రంగును లేని కార్బన్ మోనాక్సైడు వెలువడి, తలుపులు బిగించిన గదిలో రక్తమున ప్రాణవాయువు స్థానము నాక్రమించి, నిద్రలోనే మనుష్యుని హరించును. కన్ను మండించు పొగ కనీసము కిటికీ తెఱువుమని హెచ్చరించును; ఈ వాయువు అదియు చేయదు.

హీటరు సంగతియు నట్టిదే. అది యింట పొగ వెడలింపదు. దాని పొగ హస్‌దేవ్ నదీప్రాంతమున, కోర్బాలో వెడలును. వేయి వాట్ల హీటరు గంటసేపు మండుటకు అచటి విద్యుత్కేంద్రములలో అరకిలోకు మించిన బొగ్గు కాలవలెను. మన బొగ్గున రమారమి మూడవవంతు బూడిదయే. గోర్సీలోని బూడిదతో అంట్లు తోముకొందుము, వంగమొక్కలకు చల్లుదుము. కోర్బా బూడిద నెవరు తోముదురు? అచటి యూళ్లప్రక్కన ఆ బూడిద చెఱువులై నిలిచియున్నది. (కట్టెపొయ్యిని వెనుకేసికొని వచ్చుట నా యభిమతము కాదు, ఊదుగొట్ట మూది యూది దగ్గు తెచ్చుకొన్న స్త్రీలకు గ్యాసుబండ వరమే.)

ఇక కావలివాని మంట. రంగుపూసిన చెక్క కాలినప్పటి ఘాటు ప్రక్కయింటి పసిబిడ్డ ఊపిరితిత్తులలోనికి పోవుననుట నిజమే. మేడవారు గద్దించుటయు నందులకే. కాని రెండవ కంబళి లేనివాని మంట ఆపద్ధర్మము, ఉన్నవాని మంట సౌఖ్యము; ఒకే పొగ యైనను రెండును ఒకే పద్దున వ్రాయదగినవి కావు. వానికొక ఉన్నిశాలువ యిచ్చుట మనుష్యయజ్ఞమే యగును. చిక్కంతయు ఇటుపైనిదే: పంచయజ్ఞములందు భూతములకును, అతిథులకును ఉద్దేశించిన భాగము నందుకొనువారు కాకియో, కుక్కయో, బాటసారియో, ఇంటి వాకిటనే యుండిరి. మీటను ఆఱవ హింసాస్థానముగా చేర్చుకొన్నను, దాని ఋణదాతలు కోర్బాలో నున్నారు. గడపకడ నుంచిన పిడికెడన్నము అంతదూరము పోజాలదు. నెలకొకమాఱు చెల్లించు కరెంటుబిల్లులో వారి భాగమున్నదని నేననుకొనను.