ఆకురాయి పట్టిన చేతికి జ్ఞానం అంటదా?

ప్లస్ టూ పిల్లలకు లేత్ మిషన్ మీద పని నేర్పాలా వద్దా అన్నది పైకి సిలబస్ తగాదా. లోతుకు వెళితే, జ్ఞానమంటే ఏమిటన్న పాత ప్రశ్నే. ఫిట్టర్, టర్నర్ అన్న మాటలు మన ఇళ్లలో మార్కులు రాని పిల్లల విషయంలోనే వినిపిస్తాయి. దసరా నాడు మాత్రం స్పానర్లకు పసుపు కుంకుమలు పెడతాం. పనిముట్టుకు దండం పెట్టి, దాన్ని పట్టిన చేతిని చిన్నచూపు చూడటానికి శాస్త్రమే ఆధారమని కొందరి నమ్మకం: చేతిపని అపరావిద్య, అంటే కింది విద్య, అసలు జ్ఞానం వేరు అని. కానీ ముండకోపనిషత్తులో అపరావిద్య కింద చెప్పింది కమ్మరం, వడ్రంగం కాదు. నాలుగు వేదాలు, ఆరు వేదాంగాలు. పుస్తకాన్ని పైన, పనిముట్టును కింద పెట్టిన విభజన కాదది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు, పన్నెండేళ్లు వేదం చదివి గర్వంగా తిరిగొచ్చిన కొడుకు శ్వేతకేతువుకు తత్త్వం చెప్పడానికి ఎంచుకున్నవి మట్టిముద్ద, బంగారం, గోళ్లు తీసే ఇనుప పనిముట్టు. అందులోనే గొప్ప దాత జానశ్రుతి విద్య కోసం వెతుక్కుంటూ వెళ్లింది కూడా బండి కింద కూర్చున్న రైక్వుడి దగ్గరికే.

ఫిట్టింగు షాపులో మొదటి పాఠం చూడండి. మైల్డ్ స్టీలు ముక్కను వైసులో బిగించి, ఆకురాయితో అంచు చదును చెయ్యాలి. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు నొక్కితే పళ్లు మొద్దుబారతాయి. కొత్తవాడి చేతులు ఊగుతాయి, అంచు గుండ్రమవుతుంది. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి సన్నటి వెలుగు కనబడుతుంది. మూలమట్టాన్ని బతిమాలినా, దాంతో వాదించినా లాభం లేదు, మళ్లీ ఆకురాయి పట్టాల్సిందే. తన అభిప్రాయం వేరు, ఉన్న సంగతి వేరు అని పదహారేళ్లవాడికి ఇంత నిక్కచ్చిగా చెప్పే పాఠం గైడు పుస్తకాల్లో దొరకదు. ఈ నిక్కచ్చితనం అక్కర్లేదన్నట్టు, ఫలం మీద ఆశ వద్దన్న గీతను, పని ఎలా ఏడ్చినా ఫర్వాలేదని చదువుకునేవాళ్లున్నారు. కానీ పనిలో నేర్పే యోగమన్నది కూడా ఆ గీతే.

ఈ చదువు అండమాన్‌లో మరీ అవసరం. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయర్‌లోని మిన్నీ బేనే తీసుకోండి. చుట్టూ ఉప్పుగాలి, ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. దీవుల కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లదే. పడవ ఇంజనులో ఒక బుష్ అరిగితే, ఊళ్లో దొరకని సరుకు చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి సముద్రం దాటి రావాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడ లేత్ మీద కొత్త బుష్ తిప్పగలగడం పదిమందికి పనికొచ్చే ధర్మం.

గట్టి అభ్యంతరం ఒకటుంది: ఇది కులవృత్తిని దొడ్డిదారిన తేవడం కాదా? భయం ఊరికే పుట్టలేదు. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ బడిపూటలు తగ్గించి, మిగతా వేళ పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. పెరియార్ దాన్ని కులవిద్య అన్నారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రిగా వచ్చాక పథకం పోయింది. పోవడమే న్యాయం. తండ్రి పని కొడుక్కి అంటగట్టడం విద్య కాదు. అలాగే ఫెయిలైనవాళ్లకు మాత్రమే వర్క్‌షాపు చూపించడమూ విద్య కాదు, అది రెండో కులవిద్య. కనుక డాక్టరు కాబోయే పిల్లా, కామర్సు పిల్లవాడూ, జాలరి కూతురూ ఒకే బెంచీ దగ్గర నిలబడాలి. ఆ తర్వాత డిగ్రీ తలుపు ఎవరికీ మూసుకోకూడదు. కంప్యూటరు నడిపే మిషన్లు వచ్చాక ఇదెందుకనేవారికి జవాబు చిన్నదే: కోత ఎలా పడుతుందో తెలియనివాడు ప్రోగ్రాం తప్పును పట్టుకోలేడు.

2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలని 2020 జాతీయ విద్యావిధానం రాసుకుంది. ఆ గడువు వచ్చింది, పోయింది. తల్లిదండ్రులు ఈసారి బడి మీటింగులో ర్యాంకులతో పాటు వర్క్‌షాపు తాళం ఎవరి దగ్గరుందో కూడా అడగాలి.